ఇంజను కడుపులోని పొగ ఎక్కడికి పోతుంది?

కారు పొగ అనగానే మనందరి చూపూ బండి వెనుకనున్న సైలెన్సర్ గొట్టం మీదికే పోతుంది. ఎమిషన్ టెస్ట్ చేసేవారు పరీక్షించేదీ ఆ గొట్టాన్నే. సిల్క్ బోర్డు కూడలిలోనో హెబ్బాళ వంతెన కిందనో బండ్లు నిలిచిపోయినప్పుడు మనం ముక్కు మూసుకునేదీ ఆ గొట్టాన్ని చూసే. అయితే ఇంజనులో పుట్టిన చెడుగాలి బయటికి రావడానికి ఇంకొక దారి కూడా ఉన్నది. అది బానెట్ కింద ఉంటుంది కనుక కంటికి కనబడదు. ఆ దారిని మూసివేసి, అందులోని వాయువును తిరిగి ఇంజనుకే తాపి కాల్పించే ఏర్పాటు నేడు నడుస్తున్న ప్రతి పెట్రోలు కారులోనూ ఉన్నది. చాలా కార్లలో ఆ ఏర్పాటు అంతా బొటనవేలంత వాల్వు ఒకదాని మీదా, రెండు రబ్బరు గొట్టాల మీదా ఆధారపడి నడుస్తుంది. దానిని పీసీవీ వాల్వు అంటారు.

అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో సొంత ట్యాక్సీ నడుపుకొనేవారు, పది పన్నెండేళ్ళ పాత కారును కొనుక్కొని కుటుంబంతో పండుగలకు ఊరు వెళ్ళి వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఈ వాల్వును గురించి తెలియకపోవడం వలన ఎక్కువగా నష్టపోయేది పాత బండ్లవారే. అందువలన కాలుష్య నియంత్రణలోని తక్కిన పరికరాలను తేలికగా స్పృశించి, దీనిని గురించి కొంచెం వివరంగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

పిస్టను పక్కనుంచి జారేది

ఇంజను సిలిండరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. అది గోడకు పట్టేయకుండా ఆడాలంటే పిస్టనుకూ గోడకూ నడుమ కొంత సందు ఉండక తప్పదు. ఆ సందులోనుంచి వాయువు జారిపోకుండా పిస్టను చుట్టూ లోహపు రింగులు తొడుగుతారు. కాని రింగు పూర్తి వలయం కాదు. ఒకచోట తెగి ఉంటుంది. వేడికి సాగడానికి చోటు కావాలి గదా. ఆ తెగినచోట నాలుగైదు వెంట్రుకలు పక్కపక్కన పట్టేటంత ఎడం ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండినప్పుడు సిలిండరులో ఒత్తిడి ఒక్కసారిగా వాతావరణ పీడనానికి సుమారు 50 రెట్లకు చేరుతుంది. అంత ఒత్తిడిలో ఆ సన్నని ఎడం గుండా కొంత వాయువు కిందికి జారుతుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇటువంటి మంటలు నిమిషానికి 4000 లేస్తాయి. ఒక్కొక్క మంటకు జారేది ఎంత స్వల్పమైనా కలుపుకొంటే అది తక్కువేమీ కాదు. కొత్త ఇంజను అయినా సరే, దీనిని పూర్తిగా ఆపలేదు.

ఇలా జారిన వాయువును బ్లోబై అంటారు. మన మెకానిక్కుల వాడుకలో దీని పేరు బ్యాక్ కంప్రెషన్. అది చేరే చోటు క్రాంక్‌కేస్, అంటే క్రాంకు షాఫ్టు తిరిగే, ఇంజన్ ఆయిల్ నిలువ ఉండే కింది భాగం. ఇంజనుకు అదే కడుపు అనుకోవచ్చు.

ఈ వాయువులో ఏమున్నదన్నదే అసలు విషయం. పొగ అంటే కాలి మిగిలినది అని మనం అనుకొంటాము. బ్లోబై సంగతి వేరు. మంట సిలిండరు అంచుల దాకా పాకకముందే చాలా భాగం జారిపోతుంది కనుక అందులో ఎక్కువ పాలు కాలని పెట్రోలు ఆవిరి, గాలి. మిగిలినది కాలిన వాయువు, నీటి ఆవిరి, ఆయిలు తుంపర. నీటి ఆవిరి మాట వింతగా తోచవచ్చు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దానిలో అత్యధిక భాగం సైలెన్సర్ గుండా పోతుంది. జనవరి ఉదయాల్లో బెంగళూరులో బండి స్టార్టు చేసినప్పుడు గొట్టం చివర నుంచి తెల్లని పొగ లేచి, నీటిచుక్కలు కారేది ఇందువలననే. దానికి కంగారు పడనక్కరలేదు. కొద్ది భాగం మాత్రం కడుపులోకి దిగుతుంది. ఇంజను చల్లగా ఉంటే అక్కడే నీరై ఆయిలులో కలుస్తుంది. నీరు, కాలని పెట్రోలు, ఆమ్ల గుణం గల వాయువులు చేరిన ఆయిలు క్రమేణా చిక్కబడి మడ్డిగా మారుతుంది.

కాబట్టి ఆ వాయువును కడుపులో ఉంచడానికి వీలులేదు. ఉంచితే ఆయిలు చెడుతుంది. ఒత్తిడి పెరిగి సీళ్ళ పక్కనుంచి ఆయిలు కక్కుతుంది. తొలినాటి తయారీదారులు దీనికి సులువైన ఉపాయం చూశారు. క్రాంక్‌కేస్ నుంచి ఒక గొట్టాన్ని రోడ్డు వైపుకు దించి వదిలేశారు. బండి కదులుతుంటే ఆ గాలివాలుకు గొట్టం చివర కొంచెం లాగుడు పుట్టి వాయువు బయటికి పోయేది. ఇంజను బాగుపడింది. చెడుగాలి వీధిపాలైంది.

లాస్ ఏంజిలిస్‌లో మొదలైన మార్పు

దాని ఫలితం అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో తెలిసివచ్చింది. 1943 వేసవిలో ఆ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మినప్పుడు, అది యుద్ధకాలం కనుక, శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం భయపడ్డారు. దాని గుట్టు విప్పినవాడు కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలోని ఏరీ హాగెన్‌స్మిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్త. అంతవరకూ ఆయన అనాసపండు వాసనకు కారణమైన రసాయనాలను పరిశోధిస్తూ ఉండేవాడు. కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ వంటి మంట పుట్టించే పదార్థాలుగా మారుతున్నాయని 1950ల తొలినాళ్ళలో ఆయన నిరూపించాడు. ఏ నియంత్రణా లేని ఆ కాలపు కారు వదిలే హైడ్రోకార్బన్లలో సుమారు ఐదవ వంతు నుంచి నాల్గవ వంతు దాకా క్రాంక్‌కేస్ నుంచే వస్తున్నదని కూడా తేలింది. సైలెన్సర్ పొగను శుద్ధి చేసే విద్య అప్పటికి ఇంకా చేతికి రాలేదు. ఈ కడుపు పొగను ఆపడం మాత్రం సులువు. రెండవ ప్రపంచ యుద్ధంలో నీళ్ళలో దిగి నడిచే సైనిక వాహనాల కోసం అటువంటి మూసిన ఏర్పాటును అప్పటికే వాడి ఉన్నారు. 1961 నమూనా నుంచి కాలిఫోర్నియాలో అమ్మిన కొత్త కార్లకు, 1963 నమూనా నుంచి అమెరికా అంతటా దానిని అమర్చారు. కార్లకు కాలుష్యాన్ని తగ్గించే ఉద్దేశంతో పెట్టిన మొట్టమొదటి పరికరం ఇదే. క్యాటలిటిక్ కన్వర్టర్ దీని తరువాత సుమారు పద్నాలుగేళ్ళకు గాని రాలేదు.

మన దేశంలోనూ కొత్త నమూనా కారుకు అనుమతి ఇచ్చే ముందు జరిపే పరీక్షలలో దీనికి ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉన్నది. క్రాంక్‌కేస్ వాయువు ఏమాత్రమూ బయటి గాలిలో కలవకూడదన్నది దాని నియమం. కొంత పరిమితి వరకు వదలవచ్చునని కాదు, అసలే వదలరాదని.

వాల్వు చేసే పని

ఏర్పాటు చూడడానికి చాలా తేలిక. ఎయిర్ ఫిల్టరు దాటిన శుభ్రమైన గాలి ఒక గొట్టం గుండా ఇంజను పైమూతలోకి దిగుతుంది. క్రాంక్‌కేస్‌లోని వాయువును ఊడ్చుకొని రెండవ గొట్టం గుండా ఇన్‌టేక్ మ్యానిఫోల్డులోకి, అంటే సిలిండర్లు గాలి పీల్చుకునే గూటిలోకి పోతుంది. అక్కడి నుంచి సిలిండరులోకి వెళ్ళి కాలిపోతుంది. ఈ రెండవ గొట్టం మీద ఉండేదే పీసీవీ వాల్వు. దానిలోపల స్ప్రింగుకు ఆనించిన చిన్న లోహపు ముక్క ముందుకూ వెనుకకూ జరుగుతూ దారిని వెడల్పు చేస్తుంది, ఇరుకు చేస్తుంది.

అది ఎందుకంటే, పీల్పు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. సిగ్నలు దగ్గర బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు మ్యానిఫోల్డులో పీల్పు చాలా ఎక్కువ, కడుపులోకి జారే వాయువు మాత్రం తక్కువ. అప్పుడు దారి బార్లా తెరిచి ఉంటే ఇంజను అక్కరలేనంత గాలిని మింగి తడబడుతుంది. అందుచేత ఆ బలమైన పీల్పుకు లోహపు ముక్క ముందుకు లాగబడి దారిని సన్నబరుస్తుంది. ఫ్లైఓవరు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సంగతి తారుమారు. పీల్పు తగ్గుతుంది, జారే వాయువు పెరుగుతుంది. స్ప్రింగు లోహపు ముక్కను వెనక్కు నెట్టి దారిని తెరుస్తుంది. ఎప్పుడైనా మంట మ్యానిఫోల్డులోకి ఎగదన్నితే వాల్వు పూర్తిగా మూసుకొని, కడుపులోని పెట్రోలు ఆవిరికి నిప్పు అంటకుండా కాపాడుతుంది. కంప్యూటరు గాని, కరెంటు గాని లేకుండా ఒక స్ప్రింగుతో ఇన్ని పనులు చేయించిన ఆ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేము.

ఇక ఈ వాల్వు మడ్డి పట్టి మూసుకుపోయిందనుకోండి. వాయువు ఆగదు. దానికి మిగిలిన దారి మొదటి గొట్టం. శుభ్రమైన గాలి రావలసిన దారిలో చెడుగాలి ఎదురు నడిచి, ఆయిలు తుంపరను మోసుకుంటూ ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది. ఫిల్టరు పెట్టె ఆయిలుతో తడుస్తుంది. అది కూడా చాలనప్పుడు ఆయిల్ సీళ్ళు కారతాయి. కొన్ని బండ్లలో డిప్‌స్టిక్ తన గొట్టంలోనుంచి పైకి లేచి వస్తుంది. వాల్వు తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోతే కథ మరోలా ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజను ఎగిరెగిరి పడుతుంది, బుసకొట్టినట్లు చప్పుడు వస్తుంది, ఆయిలు ఖర్చు పెరుగుతుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పడం తప్పనిసరి. అనంతపురంలో కొన్న పాత పెట్రోలు కారు ఒకటి నా దగ్గర ఉండేది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎయిర్ ఫిల్టరు నిండా ఆయిలు కనబడింది. ఆ గ్యారేజీలోని మెకానిక్కు, "సార్, బ్యాక్ కంప్రెషన్ వస్తోంది. రింగులు పోయినట్టున్నాయి, ఇంజను విప్పాల్సిందే. ఇప్పటికి వద్దనుకుంటే ఈ పైపు బయటికి వదిలేస్తా, ఫిల్టరుకు ఆయిలు రాదు" అన్నాడు. ఇంజను విప్పే ఖర్చుకు జడిసి సరే అన్నాను. అతడు మ్యానిఫోల్డు వైపు రంధ్రాన్ని ఒక బోల్టుతో బిగించి, గొట్టాన్ని కిందికి వేలాడదీశాడు. ఆ నెలలోనే ఎమిషన్ టెస్ట్ కూడా అయింది. ఇబ్బంది లేకుండా సర్టిఫికెట్ వచ్చింది. నాకు అంతా సవ్యంగానే ఉన్నట్లు తోచింది.

కొన్నాళ్ళకు సిగ్నళ్ళ దగ్గర కారులోపల పచ్చి పెట్రోలు, మాడిన ఆయిలు కలిసిన వాసన రావడం మొదలైంది. వెనుక సీటులో కూర్చొనే మా అమ్మాయికి బడికి వెళ్ళే దారిలో తలనొప్పి, దగ్గు. ఏసీ గాలి తీసుకునే రంధ్రం బానెట్ వెనుక అంచున, అద్దం మొదట్లోనే ఉంటుందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. బండి నిలిచి ఉన్నప్పుడు ఆ గొట్టం నుంచి లేచిన వాయువు నేరుగా మేము పీల్చే గాలిలోకే వస్తున్నది. చివరకు మదనపల్లె ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ చిన్న షెడ్డు నడుపుకొంటున్న పెద్ద మెకానిక్కు ఒకాయన బానెట్ తీసి చూశాడు. ఆ వాల్వును ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఊపి చూడండి సార్" అన్నాడు. ఊపాను. చప్పుడు లేదు. ఆయన కొత్తదొకటి తెప్పించి ఊపమన్నాడు. గజ్జెలాగా గలగలమన్నది. రింగులకు ఏమీ కాలేదు. ఫిల్టరులోకి ఆయిలు వచ్చింది ఆ వాల్వు మూసుకుపోయినందువలన. దాని ధర కొన్ని వందల రూపాయలు. గొట్టాన్ని తిరిగి తగిలించి, ఆయిలు మార్చి పంపాడు.

అప్పటినుంచి పరిశీలిస్తే, ఇలా గొట్టం తీసి వేలాడదీసిన బండ్లు ఎన్నో కనబడ్డాయి. మెకానిక్కు మోసం చేశాడని అనడానికి లేదు. ఆయిలు ఫిల్టరుకు రాకుండా చేయమన్నాము, అతడు చేశాడు. కాని ఎవరికీ తెలియకుండా ఆ కారు 1961కి ముందరి కాలానికి పోయింది.

ఇంట్లోనే చూసుకోదగిన గుర్తులు

ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఐడిలింగ్‌లో ఉంచి, ఫ్యానుకూ బెల్టుకూ చేతులు దూరంగా పెట్టుకొని, ఆయిలు పోసే మూతను మెల్లగా తీయండి. ఆ రంధ్రం మీద పలుచని కాగితం ఒకటి ఉంచండి. కాగితం మెత్తగా అతుక్కుంటే పీల్పు సక్రమంగా ఉన్నట్లు. ఎగిరిపోతే, లేదా మూత తీయగానే రంధ్రం నుంచి పొగ గుప్పుమంటూ లేస్తే, వాల్వు మూసుకుపోయి ఉండాలి లేదా రింగులు నిజంగానే అరిగి ఉండాలి. ముందు చూడవలసింది చవకైన కారణాన్ని. వాల్వు విడిగా ఉండే కార్లలో దానిని మ్యానిఫోల్డు గొట్టానికి తగిలించి ఉంచి, ఇంజను వైపు నుంచి మాత్రం ఊడదీసి, మూతి మీద వేలు పెడితే గట్టి లాగుడు తెలియాలి. ఇంజను ఆపి ఊపితే గలగలమనాలి. కొత్త కార్లు కొన్నింటిలో ఈ వాల్వు ఇంజను పైమూతలోనే పొరగా ఇమిడి ఉంటుంది. అటువంటివాటిని వర్క్‌షాపులోనే చూపించాలి. గొట్టాల మాట మరువరాదు. ఇంజను వేడికి పది పన్నెండేళ్ళలో రబ్బరు గట్టిపడి పగులుతుంది. వాల్వు మార్చి పగిలిన గొట్టాన్ని అలాగే ఉంచితే ప్రయోజనం లేదు.

ఆయిలు మూత లోపలివైపు వెన్నలాంటి పసుపు తెలుపు పదార్థం పేరుకొని ఉంటే అది నీరు కలిసిన ఆయిలు. ఇంటినుంచి బడికి, బడినుంచి కూరగాయల అంగడికి, రెండు మూడు కిలోమీటర్లకు మించి నడవని బండ్లలో వానకాలంలోనూ చలికాలంలోనూ ఇది సాధారణం. ఇంజను కడుపు పూర్తిగా వేడెక్కకముందే తాళం తిప్పి ఆపివేస్తుంటాము గనుక నీరు ఆవిరయ్యే అవకాశమే ఉండదు. పండుగకు కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు దాకానో, చిక్కబళ్ళాపురం మీదుగా అనంతపురం దాకానో ఆగకుండా నడిపి వస్తే ఆ నీరు చాలావరకు ఆవిరై, వాల్వు గుండా పోయి, కాలిపోతుంది. ఊరి ప్రయాణం బండికీ మంచిదే. అయితే డిప్‌స్టిక్ మీద కూడా ఆ వెన్న కనబడుతూ, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే అది వేరే జబ్బు. హెడ్ గ్యాస్కెట్ చూపించవలసి ఉంటుంది.

కన్వర్టరుకూ దీనికీ ఉన్న ముడి

సైలెన్సర్ దారిలో ఇంజనుకు సమీపంగా ఉండే ఉక్కు డబ్బా క్యాటలిటిక్ కన్వర్టర్. దానిలోపల తేనెపట్టు గదుల వంటి పింగాణీ దిమ్మె, ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పలుచని పూత ఉంటాయి. ఆ లోహాల విలువ కోసమే దొంగలు కారు కిందికి దూరి దానిని కోసుకుపోతుంటారు. కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా, కాలని పెట్రోలును నీరు, బొగ్గుపులుసు వాయువులుగా, నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజనుగా అది మారుస్తుంది. ఈ మూడూ ఒకేసారి జరగాలంటే రెండు షరతులు. దిమ్మె సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడికి చేరాలి. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్ళు, బరువులో, సరిగ్గా కలవాలి. ఆ పాళ్ళను కనిపెట్టి కంప్యూటరుకు చెప్పేది ఆక్సిజన్ సెన్సరు.

దేశంలోని నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరును 1995 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. సీసం కలిపిన పెట్రోలు ఆ లోహాల పూతను కప్పివేసి పాడుచేస్తుంది కనుక అప్పుడే సీసం లేని పెట్రోలునూ తెచ్చారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసపు పెట్రోలు నిలిచిపోయింది. సీసం పోయింది గాని, అదే పని చేయగల మరొకటి ఇంజనులోనే ఉన్నది. అరుగుదల తగ్గడానికి ఇంజన్ ఆయిలులో భాస్వరపు సమ్మేళనాలు కలుపుతారు. ఆయిలు కడుపులో ఉన్నంతకాలం అవి మేలు చేస్తాయి. పాడైన వాల్వు గుండా ఆయిలు మ్యానిఫోల్డులోకి పోయి, సిలిండరులో కాలి, సైలెన్సర్ దారి పడితే ఆ భాస్వరం కన్వర్టరు పూత మీద పేరుకుంటుంది. కడిగితే పోయేది కాదు. కొన్ని వందల వాల్వును పట్టించుకోనందుకు కొన్ని వేల, కొన్ని బండ్లలో పదివేల రూపాయలు దాటిన భాగం చెడిపోతుంది. గొట్టం చివర నీలిరంగు పొగ కనబడితే ఇది మొదలైనట్లే అనుకోవాలి.

మిగిలిన పరికరాలు రెండు మాటలలో. పెట్రోలు ట్యాంకు నుంచి లేచే ఆవిరిని బొగ్గు నింపిన డబ్బా ఒకటి పట్టి ఉంచి, ఇంజను నడిచేటప్పుడు దానికి అందిస్తుంది. ట్యాంకు మూత వదులుగా ఉంటే ఆ డబ్బా ఉండీ లాభం లేదు. ఈజీఆర్ వాల్వు కాలిన పొగలో కొంత తిరిగి సిలిండరుకు పంపి మంట వేడిని తగ్గిస్తుంది; దానివలన నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి.

డీజిల్ బండ్ల సంగతి కొంత వేరు. డీజిల్ ఇంజను మ్యానిఫోల్డులో పెట్రోలు ఇంజనుకు ఉన్నంత పీల్పు ఉండదు. అందువలన వాయువును ఆయిలు వేరుచేసే డబ్బా గుండా పోనిచ్చి, టర్బో ముందరి గొట్టంలో కలుపుతారు. ఈ డబ్బా మూసుకుపోతే టర్బో సీళ్ళు కారతాయి. ఆయిలు మితిమీరి గాలిదారిలోకి చేరితే డీజిల్ ఇంజను ఆ ఆయిలునే ఇంధనంగా మండించుకొంటూ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కూడా ఉన్నది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చుకొని అది శుభ్రపడుతుంది. దానికి కొంతసేపు ఆగకుండా నడవడం అవసరం కనుక ట్రాఫిక్కులోనే తిరిగే బండ్లలో దీపం వెలుగుతుంటుంది. మసి కాలుతుంది గాని, ఆయిలు కాలగా మిగిలిన బూడిద కాలదు. అందుకే ఆ కార్లకు బూడిద తక్కువగా ఇచ్చే ఆయిలునే, కంపెనీ పుస్తకంలో చెప్పినదానినే పోయించాలి.

ఎమిషన్ టెస్ట్ చూసేది, చూడనిది

పరీక్ష కేంద్రంలో సైలెన్సర్ గొట్టంలోకి ఒక నాళాన్ని దూర్చి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్ల పాళ్ళను కొలుస్తారు. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పదిలక్షల పాళ్ళలో 200 మించరాదు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు ఇవి 0.5 శాతం, 750. ఇక్కడ మనవారు గమనించదగినది ఒకటి ఉన్నది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు వంటి 13 నగరాలలో బీఎస్-4 నియమం 2010లోనే వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఆ నడుమ అనంతపురంలోనో చిత్తూరులోనో కొన్న కారు బీఎస్-3 అయి ఉండవచ్చు. సర్టిఫికెట్ గడువు బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరు నెలలు. ఎదురింటివారి కారుకు ఏడాది ఇచ్చారని మన కారుకూ అంతే అనుకొంటే చిక్కు. సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే చట్టం ప్రకారం తొలిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అక్కడికక్కడే వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్ర నంబరు బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే రిజిస్ట్రేషను మార్చుకోవాలన్న నియమం దీనికి వేరుగా ఉన్నది.

ఈ పరీక్షలో బానెట్ ఎత్తి గొట్టాలు చూసే పని లేదు. నా కారు గొట్టం వేలాడుతుండగానే సర్టిఫికెట్ రావడానికి కారణం అదే. అంతకంటే చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఎక్కువ కాలం మార్చని ఆయిలులో పెట్రోలు కరిగి ఉంటుంది. ఇంజను వేడెక్కినప్పుడు అది ఆవిరై, వాల్వు గుండా సిలిండరుకు పోయి, కార్బన్ మోనాక్సైడు అంకెను పెంచుతుంది. అటువంటప్పుడు పరీక్ష నెగ్గడానికి ఆ గొట్టాన్ని పీకేస్తే అంకె తగ్గుతుంది. ఈ చిట్కా తెలిసినవారు ఉన్నారు. కాగితం మీద బండి శుభ్రపడుతుంది. ఆ పెట్రోలు ఆవిరి మాత్రం బానెట్ కిందనుంచి, కాలకుండా, పక్కన ఆగిన ఆటోలోని ప్రయాణికుల ముఖాల మీదికి పోతుంది. గొట్టం పీకగా అంకె తగ్గిందంటే ఆయిలు మార్చవలసిన వేళ అయిందని అర్థం. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చి గొట్టాన్ని తగిలించి చూస్తే చాలా బండ్లలో అంకె దానంతట అదే దిగుతుంది.

పరీక్షకు ఇంటి పక్క కేంద్రానికి చల్లని ఇంజనుతో వెళ్ళవద్దు. కన్వర్టరు వేడెక్కక అంకెలు ఎక్కువగా చూపుతాయి. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, ఆపకుండా నేరుగా పరీక్షకు ఇవ్వండి. తప్పితే రసీదులో ఏ అంకె మించిందో చూసి మెకానిక్కుకు చూపండి. కార్బన్ మోనాక్సైడు ఒక్కటే మించితే ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, ఆక్సిజన్ సెన్సరు. హైడ్రోకార్బన్లు మించితే స్పార్క్ ప్లగ్గులు, గాలి లీకులు. రెండూ మించితే కన్వర్టరు. ఈ వరుసలో చూడమనండి. సర్వీసు నుంచి బండి తెచ్చుకునేటప్పుడు బానెట్ ఎత్తించి, ఇంజను పైమూత నుంచి బయలుదేరిన గొట్టాలు రెండూ చివరిదాకా ఎక్కడికి చేరుతున్నాయో మీ కళ్ళతో చూసుకోండి. ఒకటి ఎయిర్ ఫిల్టరు వైపుకు, ఇంకొకటి మ్యానిఫోల్డుకు చేరాలి. ఏదీ నేల వైపుకు వేలాడరాదు.